చిన్నప్పటి మీకు మీరే ఉత్తరం రాయాలంటే: ఒక దస్తావేజు లేఖరి చెప్పే పద్ధతి

"అన్నా, ఇరవై ఏళ్లప్పుడు ఈ మాట ఎవరన్నా చెప్పింటే బాగుండేది."

అనంతపురంలో నేను దస్తావేజులు రాసే గదిలో ఈ మాట నెలకు నాలుగైదు సార్లయినా వింటాను. ఆస్తి పంచుకునే భాగపరిష్కారం కాగితాల మీద సంతకాలు అయిపోతాయి, అన్నదమ్ములు టీ తాగడానికి బయటికి పోతారు, ఒకరు మాత్రం బెంచీ మీదే కూచొని ఉండిపోతారు. కాసేపటికి మాట బయటికొస్తుంది. చదువు ఆపేసిన సంగతో, చేయకూడని సంతకం చేసిన సంగతో, నాయన ఉన్నప్పుడు మాట్లాడకుండా పోయిన సంగతో.

అలాంటివాళ్లకు నేను చెప్పేది ఒకటే. అప్పటి మీకు ఒక ఉత్తరం రాయండి. కొందరు రాశారు, కొందరు రెండు లైన్లు రాసి ఆపేశారు. తిరిగొచ్చి అందరూ అడిగేవి మాత్రం అవే ప్రశ్నలు: ఎక్కడ మొదలుపెట్టాలి, ఎంత రాయాలి, ఎవరికన్నా చూపించాలా, రాసి ఏం చేయాలి. నా ఉత్తరం నేను రాసుకొని రెండేళ్లయింది. దాన్ని పక్కన పెట్టుకొని ఆ ప్రశ్నలకు వరసగా జవాబు చెప్తాను.

ఏమేం కావాలి

లాంగ్‌సైజు రూళ్ల నోట్‌బుక్ ఒకటి, మీ చేతికి అలవాటైన పెన్ను ఒకటి. ఫోన్‌లో రాయొద్దు. ఫోన్‌లో కొట్టేసిన మాట కనపడకుండా పోతుంది, ఈ పనిలో కొట్టేసిన మాటలే ఎక్కువ చెప్తాయి. దస్తావేజులో దిద్దుబాటు ఉంటే చెరిపేయం. ఒక గీత కొట్టి, పక్కన పొట్టి సంతకం పెడతాం, కింద ఏముందో చదవడానికి వీలుగా ఉంచుతాం. ఇక్కడా అంతే చేయండి. కాగితం చింపొద్దు.

పాత కాగితాలు కావాలి. పదో తరగతి మార్కుల మెమో, మొదటి బ్యాంకు పాస్‌బుక్కు, పాత రేషన్ కార్డు, పెళ్లి పత్రికలు, ఆసుపత్రి చీటీలు, వెనక తారీఖు రాసిన ఫోటోలు. ఇంట్లో ట్రంకు పెట్టె ఉంటే దాన్ని దించండి. బీరువా పైఅరలో ప్లాస్టిక్ కవర్లు ఉంటే అవన్నీ విప్పండి. మనసు తారీఖులను మార్చేస్తుంది, కాగితం మార్చదు.

మూడు రోజులు, రోజుకు గంటన్నర చొప్పున కావాలి. పొద్దున అయితే మేలు. రాత్రి పదకొండు తర్వాత రాసినవి తెల్లారి చదివితే ఎక్కువగా ఏడుపే ఉంటుంది, విషయం ఉండదు.

అప్పుడు మీ పక్కన ఉన్న మనిషి ఒకరు కావాలి. అక్కో, తమ్ముడో, స్నేహితుడో, పక్కింటి పెద్దమ్మో. వాళ్ల పని ఆరో మెట్టులో వస్తుంది.

మంచి తెలుగు అక్కర్లేదు. మీరు ఇంట్లో ఎట్లా మాట్లాడతారో అట్లే రాయండి.

ఒక జాగ్రత్త, మొదలుపెట్టే ముందే

ఇంట్లో ఈ మధ్యే ఎవరన్నా పోయి ఉంటే, లేదా మీకే బతుకు మీద విసుగు పుట్టి ఉంటే, ఈ పని ఇప్పుడు పెట్టుకోవద్దు. పాత గాయాన్ని కదిలించే పని ఇది. ముందు మనిషితో మాట్లాడండి. 14416 అనే టెలి మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయం) నంబరుకు ఫోన్ చేస్తే పగలైనా రాత్రైనా తెలుగులో మాట్లాడేవాళ్లు ఉంటారు, డబ్బు కట్టాల్సిన పని లేదు. ఉత్తరం ఆర్నెల్ల తర్వాత రాసినా ఏమీ కాదు.

1. ఒక తారీఖు పట్టుకోండి

"చిన్నప్పటి నాకు" అని మొదలుపెడితే ఉత్తరం ముందుకు పోదు. "అనంతపురంలో ఉన్న స్థలం" అని రాస్తే ఆ దస్తావేజు ఎవరూ రిజిస్టరు చేయరు కదా. ఏ సర్వే నంబరు, ఎన్ని సెంట్లు, ఏ వీధి అన్నది రాయాలి. అట్లే, "1995 జూన్, మంగళవారం, మా ఇంటి వసారాలో కూచున్న నాకు" అని రాస్తే చేయి తనంతట తనే కదులుతుంది.

ఏ తారీఖు ఎంచుకోవాలి? మూడు ప్రశ్నలు వేసుకోండి. ఏ రోజు గురించి మీ పిల్లలకు ఇంతవరకు చెప్పలేదు? ఏ ఊరు దాటుతున్నప్పుడు బస్సులో కిటికీ వైపు చూడరు? ఏ మనిషి ఫోన్ చేస్తే ఒక్క క్షణం ఆగి ఎత్తుతారు? మూడింటికీ ఒకే రోజు జవాబుగా వస్తే అదే మీ తారీఖు. మూడు రకాలుగా వస్తే అన్నిట్లోకీ చిన్నదాన్ని ఎంచుకోండి. పెద్దది రెండో ఉత్తరానికి ఉంచండి.

తారీఖు గుర్తు లేకపోతే పంటను బట్టి, పండగను బట్టి పట్టుకోండి. మన వైపు "శెనక్కాయ విత్తనం వేసే ముందు" అంటే జూన్, జూలై. "కట్టె పీకేటప్పుడు", అంటే శెనక్కాయ పంట తీసేటప్పుడు, అక్టోబరు, నవంబరు. "ఉగాది దాటినాక", "పీర్ల పండగ నాడు", "తిరునాళ్లలో" అని రాసినా చాలు. పీర్ల పండగ మాత్రం ఏటికేడు జరుగుతూ పోతుంది కాబట్టి దాని పక్కన సంవత్సరం తప్పకుండా వేయండి.

ఇక్కడ ఎక్కువమంది చేసే తప్పు: బతుకంతా ఒకే ఉత్తరంలో పెట్టాలనుకోవడం. మా దగ్గరికొచ్చిన ఒక టీచరమ్మ పదిహేడు పేజీలు రాసింది. ఏడేళ్ల వయసు నుంచి నలభై దాకా ఉంది అందులో. చదివితే ఆత్మకథలా ఉంది, సలహా ఎక్కడా లేదు. ఆమే మళ్లీ ఒకే ఒక్క రోజు తీసుకొని రాస్తే రెండు పేజీల్లో అయిపోయింది.

2. నాలుగు హద్దులు రాయండి

స్థలం దస్తావేజులో చెక్కుబందీ అని రాస్తాం. తూర్పున ఫలానావాళ్ల ఇల్లు, పడమట రస్తా, ఉత్తరాన, దక్షిణాన ఫలానా. హద్దులు లేకుండా ఏది మీదో ఏది పక్కవాళ్లదో తేలదు. ఆ రోజు మీకు కూడా నాలుగు హద్దులు ఉన్నాయి. వాటిని విడివిడిగా రాయండి.

చేతిలో ఎంత డబ్బు ఉంది? మీ మీద ఎవరెవరు ఆధారపడి ఉన్నారు? ఆ విషయం గురించి అప్పటికి మీకు నిజంగా ఏం తెలుసు? చుట్టూ ఉన్నవాళ్లు ఏమంటున్నారు?

నావి చెప్తాను. చెల్లెలిని పై చదువుకు పంపాలా వద్దా అన్న మాట వచ్చిన రోజువి. నాకు 23 ఏళ్లు. ఒక పెద్ద లేఖరి దగ్గర సహాయకుడిగా నెలకు 600 రూపాయలు. అందులో గది అద్దె, తిండి పోను చేతిలో మిగిలేది నూటయాభై. కళ్యాణదుర్గం రోడ్డులో మా ఊళ్లో ఐదెకరాల మెట్ట. నాయనకు నడుం నొప్పి. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు ఒకటి. పట్నం చదువుల గురించి మా ఇంట్లో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే, నాకు తెలిసిందీ అంతంత మాత్రమే. చిన్నాయన మాటే ఇంట్లో చెల్లుబాటు. ఇవి నా హద్దులు.

ఈ మెట్టు దగ్గర తొందరపడొద్దు. నా అనుభవంలో అసలు పని సగం ఇక్కడే జరుగుతుంది. "ఎంత మూర్ఖుణ్ణి నేను" అని ఇరవై ఏళ్లుగా అనుకుంటున్న మనిషి, హద్దులు రాసి చూసుకుంటే, ఆ రోజు తను నిలబడిన చోటు ఎంత ఇరుకో కనపడుతుంది. తిట్టు తగ్గుతుంది. తిట్టు తగ్గాకే సలహా వస్తుంది.

జాగ్రత్త: ఈరోజు మీకు తెలిసింది అప్పటి హద్దుల్లోకి తేవొద్దు. "నాకు తెలిసి ఉండాల్సింది" అని రాస్తే కొట్టేయండి. తెలుసా, తెలియదా, అంతే.

3. జరిగింది పది వాక్యాల్లో రాయండి

ఎవరు ఎక్కడ కూచున్నారు, ఎవరు ఏమన్నారు, చేతిలో ఏముంది. కోపం, బాధ, అన్యాయం, ద్రోహం లాంటి మాటలు ఈ పది వాక్యాల్లో రానీయొద్దు. పోలీసు పంచనామా రాసినట్టు రాయండి.

నా పది వాక్యాలు ఇవి:

"చెల్లెలు పదో తరగతి 431 మార్కులతో పాసైంది, 600కు. లెక్కల్లో 81. నేను శనివారం సాయంత్రం బస్సుకు ఊరికి పోయి, మంగళవారం దాకా ఉన్నాను. మంగళవారం రాత్రి వసారాలో విత్తనానికి శెనక్కాయలు వలుస్తున్నాం. చిన్నాయన వచ్చి, ఆడపిల్లను అనంతపురం పంపితే ఊళ్లో ఏమనుకుంటారు అన్నాడు. నాయన నా వైపు చూశాడు. చెల్లెలు తలెత్తలేదు, కాయలు వలుస్తూనే ఉంది. నేను, 'మీ ఇష్టం' అన్నాను. చిన్నాయన సరే అని లేచి పోయాడు. పొద్దున్నే నేను ఆరు గంటల బస్సెక్కాను."

చూడండి, ఇందులో ఎక్కడా "నేను తప్పు చేశాను" అన్న మాట లేదు. అయినా తప్పు ఏ చోట ఉందో వేలు పెట్టి చూపించొచ్చు. నాయన నా వైపు చూశాడే, అక్కడ. అంతకుముందు నేను అనుకునేది "ఇంట్లోవాళ్లు చదివించలేదు" అని. పది వాక్యాలు రాశాకే తెలిసింది, నాయన నన్ను అడిగాడని. నోటితో అడగలేదు, అంతే.

పది వాక్యాలు మీకు ఇరవై అయినా పర్వాలేదు. యాభై అయితే మాత్రం మళ్లీ మొదటి మెట్టుకు పోయి తారీఖు చూసుకోండి, రెండు రోజులు కలిసిపోయి ఉంటాయి.

4. మూడు భాగాలు చేయండి

పేజీ మీద రెండు నిలువు గీతలు గీయండి. మొదటి గడిలో మీ చేతిలో ఉన్నది, రెండో గడిలో ఇంకొకరి చేతిలో ఉన్నది, మూడో గడిలో ఎవరి చేతిలోనూ లేనిది.

అనంతపురం జిల్లాలో పుట్టినవాళ్లకు మూడో గడి పెద్దదిగా ఉంటుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది, అదీ అదను తప్పి పడుతుంది. వాన రాక పంట పోతే అందులో నేర్చుకునే పాఠం ఏదీ లేదు. దాన్ని మూడో గడిలో రాసి వదిలేయండి. ఒక రైతు నా దగ్గర కూచొని, మూడు బోర్లూ ఎండిపోయాయని, తనది చెడ్డ చేయి అని రాసుకున్నాడు. నేను ఆ లైను కొట్టేయించాను. మొదటి బోరులో నీళ్లు పడకపోవడం మూడో గడి. పడుతుందని నమ్మించినవాళ్ల మాట రెండో గడి. మూడో బోరుకు నూటికి మూడు రూపాయల వడ్డీకి తేవడం, అది ఇంట్లో ఆమెకు చెప్పకపోవడం, ఇవి రెండూ మొదటి గడి. ఉత్తరం రాయాల్సింది ఈ రెండింటి గురించే.

తప్పు రెండు వైపులా జరుగుతుంది. కొందరు అన్నీ మొదటి గడిలో వేసుకుంటారు, ముఖ్యంగా ఆడవాళ్లు. కొందరు మొదటి గడి ఖాళీగా ఉంచుతారు, అంతా అన్నదమ్ములదే, అత్తగారిదే, ఆఫీసర్లదే. మొదటి గడిలో కనీసం ఒకటి, ఎక్కువలో ఎక్కువ మూడు ఉండేలా చూసుకోండి.

5. ప్రతి సలహానూ ఒక పనిగా మార్చండి

"ధైర్యంగా ఉండు", "డబ్బు దాచుకో", "ఆరోగ్యం చూసుకో", "అందరినీ నమ్మొద్దు". ఇవి అప్పటి మీకు మీ జేజి చెప్పే ఉంటుంది. మీరు వినలేదు కదా. వినకపోవడానికి కారణం మీ మొండితనం ఒక్కటే కాదు. రేపు పొద్దున లేచి ఏం చేయాలో ఆ మాటల్లో లేదు.

కాబట్టి ప్రతి సలహా పక్కనా ఏ రోజు, ఎవరి దగ్గరికి, ఎంత, ఏ మాటతో అన్నది రాయండి. కొన్ని మార్చి చూపిస్తాను.

"డబ్బు దాచుకో" అన్నదాన్ని ఇట్లా: "జీతం వచ్చిన రోజే పోస్టాఫీసుకు పో. 500తో ఆర్‌డీ (నెలనెలా కట్టే డిపాజిట్) తెరువు. ఐదేళ్లకు చేతికొస్తుంది, ఆ డబ్బు కదపకుండా వేరేచోట డిపాజిట్ చేసి మళ్లీ కొత్త ఆర్‌డీ కట్టు." లెక్క కూడా రాయండి, లెక్క ఉంటే నమ్మకం కుదురుతుంది. నెలకు 500 చొప్పున 20 ఏళ్లు కడితే కట్టింది లక్షా ఇరవై వేలు. సగటున 8 శాతం వడ్డీ అనుకుంటే చేతికొచ్చేది దాదాపు 2 లక్షల 94 వేలు.

"అప్పులు చేయొద్దు" అని రాయకండి. మన వైపు అప్పు లేకుండా విత్తనం పడదు. ఇట్లా రాయండి: "నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. 50,000 తెస్తే నెలకు 1,000. యాభై నెలలు వడ్డీ కడితే కట్టిందే అసలంత అవుతుంది, అసలు మాత్రం అట్లే ఉంటుంది. తెచ్చిన రోజే అసలు ఏ పంట మీద తీరుస్తావో కాగితం మీద రాసి ఇంట్లో అతికించు."

"ఎవరినీ నమ్మొద్దు" అన్నదాన్ని నేను ప్రత్యేకంగా మార్చి రాసుకున్నాను, ఎందుకంటే 1998లో ఒక స్నేహితుడి 40,000 అప్పుకు జామీను సంతకం పెట్టి, మూడేళ్ల పాటు నేను కట్టాను. కాగితాలు రాసే వృత్తిలో ఉండి కూడా పెట్టాను. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే, అప్పు తీసుకున్నవాడికి ఎంత బాధ్యతో జామీనుదారుకూ అంతే బాధ్యత. "పేరుకు సంతకం, అంతే" అన్న మాట చట్టంలో లేదు. అయితే నా ఉత్తరంలో "సంతకం పెట్టొద్దు" అని రాయలేదు. 26 ఏళ్ల నేను స్నేహితుడి ముఖం చూసి కాదనలేను, అది నాకు తెలుసు. కాబట్టి నోటికి ఒక మాట అందించాను: "మామా, జామీను పెట్టను. నా దగ్గర ఐదు వేలుంది, తీసుకో. తిరిగి ఇయ్యకపోయినా అడగను." ఈ మాట అప్పటి నేను అనగలను. ఐదు వేలు పోయినా స్నేహం మిగులుతుంది. నా విషయంలో డబ్బూ పోయింది, మనిషీ పోయాడు.

"ఆరోగ్యం చూసుకో" అంటే: "ముప్పై దాటాక ఏటా పుట్టినరోజు నాడు బీపీ, షుగరు చూపించు. బీపీ 140/90 దాటి ఉంటే నాలుగు రోజులు ఆగి మళ్లీ చూపించు, మళ్లీ అంతే ఉంటే డాక్టరు మాట విను." ఇంతకంటే అక్కర్లేదు.

ఇక ఉత్తరంలో రాయకూడనివి. "బెంగళూరు రోడ్డులో స్థలం కొను", "ఫలానా కంపెనీ షేర్లు తీసుకో", "వాణ్ణి పెళ్లి చేసుకోవద్దు" లాంటివి. జరగబోయేది ముందే చెప్పేస్తే అందులో సలహా ఏముంటుంది? ఆ రోజు ఆ హద్దుల్లో ఉన్న మనిషికి తెలిసినదాన్ని బట్టి చేయగలిగిందే రాయాలి.

ఈ మెట్టు సరిగ్గా అయిందో లేదో చూసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. రాసిన సలహాను ఇప్పుడు ఆ వయసులో ఉన్న ఒక పిల్లకో పిల్లవాడికో చదివి, "సోమవారం పొద్దున నువ్వేం చేస్తావు?" అని అడగండి. వాళ్లు వెంటనే చెప్పగలిగితే సరే. "అంటే ఏంటి పెద్దనాన్నా?" అని అడిగితే మళ్లీ రాయండి. మా తమ్ముడి కొడుకు నా సలహాల్లో సగం వెనక్కి పంపించాడు.

6. ఉత్తరం రాసి, సాక్షికి చదివి వినిపించండి

ఇప్పుడు ఉత్తరం. రెండు పేజీలు మించొద్దు. "ఒరేయ్" అని మొదలుపెట్టాలో "నాయనా" అని మొదలుపెట్టాలో మీ ఇష్టం, కానీ మీ సొంత తమ్ముడితో లేదా కూతురితో మాట్లాడే గొంతు ఉండాలి. మొదటి పేరాలో ఆ మనిషి అప్పటికి సరిగ్గా చేసిన పని ఒకటి రాయండి. అబద్ధం వద్దు, నిజంగా చేసిందే. నేను, "నెలకు మిగిలే నూటయాభైలో వంద ఇంటికి పంపుతున్నావు, అది నాకు తెలుసు" అని మొదలుపెట్టాను. ఆ తర్వాత రెండో మెట్టు హద్దులు రెండు వాక్యాల్లో, మూడో మెట్టు సంఘటన క్లుప్తంగా, ఐదో మెట్టు పనులు.

నా ఉత్తరంలో అసలు ముక్క ఇది:

"మంగళవారం రాత్రి చిన్నాయన వస్తాడు. నాయన నీ వైపు చూస్తాడు. అప్పుడు 'మీ ఇష్టం' అనొద్దు. పెద్ద వాదన కూడా వద్దు, నీకు చేతకాదు, చిన్నాయనతో ఎవరికీ చేతకాదు. 'పొద్దున నాయనా నేనూ మాట్లాడుకుంటాం' అను చాలు. ఆరు గంటల బస్సు ఎక్కొద్దు. నాయనను తీసుకొని చేను వరకు నడువు. మొదటి ఏడాది బస్సు పాసు, పుస్తకాలు నేను చూసుకుంటా అను. ఇంటికి పంపే వంద ఆపి దానికి పెట్టు. అప్పుడు కూడా నాయన వద్దంటే అది ఆయన మాట అవుతుంది. ఇప్పుడైతే అది నీ మాటే."

రాశాక ఆ రోజు మీతో ఉన్న మనిషికి చదివి వినిపించండి. రిజిస్ట్రేషన్‌కు ఇద్దరు సాక్షులు ఎందుకు? మనిషి తన గురించి తను చెప్పుకునేది ఎప్పుడూ పూర్తిగా ఉండదు కాబట్టి. ఆ మనిషి ఇప్పుడు లేకపోతే, ఆ కాలంలో మిమ్మల్ని ఎరిగిన ఇంకొకరు. మాటలు లేనివాళ్లయితే బలవంతంగా పోవద్దు. ఆ ఉత్తరంతో పాత గొడవ మళ్లీ మొదలవుతుందనిపిస్తే వేరే మనిషిని చూసుకోండి. మీకు హాని చేసిన మనిషికి మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చదవొద్దు.

చదివేటప్పుడు క్షమాపణ అడగడానికి పోయినట్టు పోకండి. "ఇది రాశాను, ఏమన్నా తప్పుంటే చెప్పు" అనండి. వాళ్లు చెప్పింది వెంటనే ఖండించకుండా పెన్నుతో రాసుకోండి. ఇది చాలా కష్టం.

నేను మా చెల్లెలికి చదివాను. ఆదివారం మధ్యాహ్నం, వాళ్ల ఇంటి వరండాలో. ఆమె ఉగ్గాని టిఫిన్‌కు బొరుగులు నానబెట్టి, నీళ్లు పిండేసి పళ్లెంలో వేస్తోంది. ఉత్తరం అయ్యేదాకా ఏమీ అనలేదు. నేను కన్నీళ్ల కోసం సిద్ధపడి పోయాను. ఆమె చేయి తుడుచుకొని, "మంగళవారం కాదన్నా, బుధవారం. మంగళవారం సంత" అంది. తర్వాత, "కాలేజీ గురించి ఎప్పుడో మర్చిపోయినా. నా మెమో యాడ పెట్టినావు?" అని అడిగింది.

నాకు అర్థం కాలేదు. పెళ్లయిన కొన్నేళ్లకు వాళ్ల ఊళ్లో అంగన్‌వాడీ కార్యకర్త పోస్టు పడిందట. పదో తరగతి పాస్ కావాలి. మెమో కోసం పుట్టింట్లో అంతా వెతికిందట. దొరకలేదని అమ్మ చెప్పింది. నకలు తెచ్చుకోవాలంటే ఎవరిని అడగాలో తెలియక ఊరుకుంది. నన్నెందుకు అడగలేదు అంటే, "నువ్వు పనిలో ఉంటావు కదా అని" అంది.

ఆ మెమో నా ట్రంకులోనే ఉంది. బస్సెక్కిన ఆ పొద్దున, ఎప్పుడన్నా అడ్మిషన్‌కు పనికొస్తుందేమో అని సంచీలో వేసుకొని నేనే తెచ్చాను. ఊరందరి కాగితాలూ పదిలంగా కవర్లలో పెట్టి, పేర్లు రాసి అందించేవాణ్ణి. ఆమెది మాత్రం ఇరవై ఏడేళ్లు నా దగ్గరే ఉండిపోయింది.

ఈ సంగతి నా ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. నేను ఎంత నిజాయితీగా రాశాననుకున్నా లేదు. సాక్షి మెట్టును దాటేయాలని మీకు అనిపిస్తే ఈ మాట గుర్తు పెట్టుకోండి. మీకు కుదిరిన తప్పును మీరు ఒప్పుకుంటారు. అవతలి మనిషికి జరిగిన నష్టం ఇంకో చోట ఉండొచ్చు.

7. సరిచూసుకోండి

సాక్షి చెప్పింది చేర్చి ఉత్తరం శుభ్రంగా తిరగరాయండి. ఒక వారం ఆగి, వేరేవాళ్ల ఉత్తరం చదివినట్టు చదవండి. తారీఖు, స్థలం ఉన్నాయా? ఎవరినన్నా తిట్టిన వాక్యం మిగిలిందా? ఉంటే కొట్టేయండి. "ఎప్పుడూ", "అందరూ", "జీవితంలో" అనే మాటలు ఎన్నిసార్లు వచ్చాయో లెక్కపెట్టండి. ఆ మాట వచ్చిన ప్రతిచోటా మీరు అసలు విషయం దాటేశారు.

చదువుతుంటే ఏ వాక్యం దగ్గర గొంతు మారుతుందో అక్కడ ఇంకొంచెం రాయాల్సింది ఉంటుంది. ఎక్కడా మారకపోతే, తారీఖు తప్పు ఎంచుకున్నారేమో చూడండి.

పిల్లలకు ఇవ్వాలా అని చాలామంది అడుగుతారు. వెంటనే వద్దు. అప్పటి మీకు రాసిన మాట ఇప్పటి మీ కొడుక్కి చేతికిస్తే అది వాడికి ఉపన్యాసంలా అవుతుంది. వాడే ఏదన్నా నిర్ణయం దగ్గర తడబడి మీ దగ్గరికి వచ్చిన రోజు, "నాకూ ఇట్లే అయింది, చదువు" అని ఇవ్వండి. అప్పటిదాకా ఇంటి దస్తావేజులు ఉన్న కవర్లోనే పెట్టండి.

8. మిగిలిన బాకీ ఈ వారంలోనే తీర్చండి

చివరి మెట్టు ఇది, ఇది లేకపోతే ముందువన్నీ కాగితం ఖర్చే. ఉత్తరం అంతా మళ్లీ చదివి, ఇప్పటికీ మీ చేతిలో ఉన్నది ఏదన్నా ఉందా చూడండి. తిరిగివ్వాల్సిన వస్తువు, చెప్పాల్సిన మాట, చేయించాల్సిన పరీక్ష, తెరవాల్సిన ఖాతా. ఎక్కువగా చిన్నదే ఉంటుంది. దాని పక్కన ఏడు రోజుల్లోపు తారీఖు ఒకటి వేయండి. పెద్ద బాకీ అయితే మొదటి కంతు మాత్రం ఈ వారంలోనే కట్టండి.

నేను ఆ మెమోను మరుసటి ఆదివారమే తీసుకుపోయి ఇచ్చాను. అంచులు పసుపెక్కాయి, మడత దగ్గర కొద్దిగా చిరిగింది, అక్షరాలు మాత్రం బాగున్నాయి. ఆమె దాన్ని వెలుతురుకు పట్టుకొని చూసింది. మనవరాలిని పిలిచి, "లెక్కల్లో చూడు, ఎనబై ఒకటి" అని వేలు పెట్టి చూపించింది. ఓపెన్ స్కూల్లో ఇంటర్ చదవడానికి వయసు అడ్డం కాదని, ఇంట్లో ఉండే చదువుకొని పరీక్ష రాయొచ్చని చెప్పాను. నవ్వి, "శెనక్కాయ కట్టె పీకనీ, మల్లా చూద్దాం" అంది. అప్లికేషన్‌కు అవసరం పడతాయని పాస్‌పోర్టు సైజు ఫోటోలు తీయించి పెట్టుకోమని, మెమో, ఆధార్ రెండేసి జిరాక్సులు కల్యాణదుర్గంలో నేనే తీయించి ఇచ్చి వచ్చాను.